కల్మా చదవలేదు, మతం మారే ఆలోచన లేదు.. కానీ దేవుడు దగ్గరగా అనిపించేది అక్కడే. నాలాంటోళ్లు ఇంకెవరన్నా ఉన్నరా?

పాలమూరు_పోరడు:
అందరికి నమస్తే. రెండేండ్ల సంది ఇక్కడ చదువుడే గానీ రాసుడు ఇదే మొదలు, తప్పులుంటె సర్దుకోండ్రి. విషయం జర నాజూకుది, కొట్లాట పెట్టనీకి మాత్రం కాదు.

మాది మహబూబ్‌నగర్ దిక్కు పల్లె, గొల్లోళ్లం. ఊర్ల సాయిబుల ఇండ్లు నాలుగే నాలుగు, గానీ పీర్ల కొట్టం ఉంది, పీర్ల పండుగ (మొహర్రం) మాకు దసరా కన్న పెద్దది. మా తాత పేరు పీరయ్య. పసిగున్నప్పుడు నేను బతకనని మా నాయినమ్మ మొక్కుకుందట, అందుకని పదేండ్లప్పుడు నన్ను ఫకీర్ని చేసిండ్రు. మెడల దారాలు, కాళ్లకు చెప్పుల్లేవు, ఇండ్లు తిరిగి బియ్యం అడుక్కొచ్చిన. తొమ్మిదో నాటి రాత్రి గుండంల మొద్దులు కణకణ మండుతున్నయి, డప్పులు, ఊదు పొగ, అందరు "అసోయ్ దూలా" అంటున్నరు, తాత పెద్ద పీరును ఎత్తుకున్నడు. దట్టీల (మొక్కుబడి బట్టల) మీద దట్టీలు కట్టి కట్టి అది ఎంత బరువుంటదంటె ఆయన మోచేతులు వణుకుతున్నయి. నేను దోతి అంచు పట్టుకోని పక్కనే ఉన్న. అప్పుడు నాకు భయం పోయింది. దేనికి భయమో, ఎట్ల పోయిందో చెప్పరాదు గానీ పోయింది, అంతే.

ఇగ ఇప్పటి ముచ్చట. హైదరాబాద్ల ఏసీ మెకానిక్‌ని. నాలుగేండ్ల కింద ఒక మసీదుల ఏసీ నీళ్లు కారుతుందంటె పోయిన. నిచ్చెనెక్కి డ్రైన్ పైపు ఊది చూస్తున్న, ఇంతల జొహర్ (మధ్యాహ్నం నమాజ్) జమాత్ నిలబడ్డది, నా నిచ్చెన చుట్టూ వరసలు కట్టేసిండ్రు. దిగుదామంటె జాగ లేదు. సరే అని అట్లనే పైన నిలబడ్డ, చేతుల స్క్రూడ్రైవర్. జొహర్ నమాజుల ఇమామ్ సాబ్ గట్టిగ చదవడు కదా, అంత చప్పుడు లేదు. "అల్లాహు అక్బర్" అన్నప్పుడు మాత్రం అందరు ఒక్కసారి కిందికి పోతరు, బట్టల చప్పుడు, మోకాళ్ల చప్పుడు, తర్వాత మళ్ల ఏం లేదు. పైనుంచి చూస్తె అన్నీ వీపులే. నాకు తాత దోతి అంచు చేతిల ఉన్నట్టే అనిపించింది. కండ్లల్ల నీళ్లొచ్చినయి. స్క్రూడ్రైవర్ కింద పడితె ఎవరి తలకాయ పగుల్తదో అని గట్టిగ పట్టుకున్న.

అప్పటి సంది అజాన్ వినపడితె చేసే పని ఆగుతది. మూడేండ్ల సంది రంజాన్ల రోజాలు ఉంటున్న, అన్నీ కాదు, పని తక్కువున్న రోజులల్ల. ఇంట్ల దేవుని అర్ర ఉంది, దీపం పెడుత, మల్లన్నకు పోత. మతం మారేది లేదు. మారాలని అనిపిస్తలేదు కూడ. నమాజ్ రాదు, చేతులు చాపి ఊకె కూసుంట. నా భార్య ఒకటే అడిగింది, "నువ్వు మొక్కేది ఎవరికి?" అని. జవాబు లేదు నా దగ్గర. అందుకే ఇక్కడ అడుగుతున్న.

నెల్లూరి_రొట్టె:
అయ్యో అన్నా, మీరు ఒక్కరే అనుకుంటా ఉండారా! మా అమ్మకి పెళ్లయి ఏడేళ్లయినా పిల్లల్లేరంట, బారాషహీద్ దర్గా దగ్గర సొర్ణాల చెరువులో మోకాటి లోతు నీళ్లలో నిలబడి తలమీద కొంగేసుకుని ఎవరో ముస్లిం ఆమె దగ్గర సంతానం రొట్టె పట్టిందంట. తర్వాత ఏడు నేను. అందుకే ఆ పేరు పెట్టుకున్నా ఇక్కడ. తెలియనోళ్ల కోసం జెప్తా, కోరిక తీరినోళ్లు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నోళ్లు తీసుకుంటారు, తీరినాక మళ్లీ మొహర్రానికి వచ్చి అదే రొట్టె ఇంకొకరికి ఇయ్యాల. ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, ఆరోగ్యం రొట్టె, ఇప్పుడు వీసా రొట్టె కూడా వచ్చిందిలే. నీళ్లలో ఎవరూ నీ మతమేంది అని అడగరు, "ఏం రొట్టె?" అని మాత్రమే అడుగుతారు.

మీ ఆవిడ ప్రశ్నకి జవాబు నాకూ తెలీదు. మా అమ్మ మాత్రం ఇంట్లో వెంకటేశ్వర స్వామి పటం ముందు నిలబడి "సామీ, దర్గాకి పోయొస్తా" అని జెప్పి మరీ పోద్ది. పర్మిషన్ అన్నమాట.

అబూ_తెలుగు:
సోదరా, అస్సలాము అలైకుం. మీ పోస్ట్ రెండుసార్లు చదివాను. మీరు నిజాయితీగా అడిగారు కాబట్టి నిజాయితీగానే చెబుతాను, నొప్పిస్తే మన్నించండి.

దేవుడు దగ్గరగా అనిపించడంలో తప్పు లేదు, ఆశ్చర్యమూ లేదు. ఖురాన్ 50వ సూరాలో అల్లాహ్ మనిషికి తన కంఠనాళం కన్నా దగ్గరగా ఉన్నానని అంటాడు. అక్కడ "మనిషికి" అని ఉంది, "ముస్లింకి" అని కాదు. కానీ దగ్గరగా అనిపించడం వేరు, ఇస్లాంలో ఉండడం వేరు. దానికి ఒక వాకిలి ఉంది, షహాదా, మీరన్న కల్మా. ఆయన తప్ప ఆరాధ్యుడు లేడని, ముహమ్మద్ సల్లల్లాహు అలైహి వసల్లం ఆయన ప్రవక్త అని మనసా వాచా ఒప్పుకోవడం. రెండు ముక్కలే, నిమిషం పట్టదు, కానీ ఆ తర్వాత జీవితమంతా దానికింద ఉండాలి. మీరు దీపం కూడా పెడతాను, రోజా కూడా ఉంటాను అంటున్నారు. మా దృష్టిలో ఆ రెండూ ఒకచోట ఇమడవు.

ఇంకో మాట. పీర్లను ఎత్తుకోవడం, గుండం తొక్కడం, దర్గాలో మొక్కడం, వీటిని నాలాంటి వాళ్లు ఇస్లాం అనరు. సమాధిలో ఉన్నాయన కూడా అల్లాహ్ దాసుడే, ఇచ్చేవాడు ఆయన కాదు. కందూరు చేసి మేకను కోస్తారు కదా, 22వ సూరాలో స్పష్టంగా ఉంది, వాటి మాంసం గానీ రక్తం గానీ అల్లాహ్‌కు చేరవు, చేరేది మీ భయభక్తులే అని.

సైదులు_కొడుకు:
అబూ భాయ్, మీరు చెప్పేది పుస్తకంల కరెక్టే కావొచ్చు గాని మా నల్గొండల నిలబడి "సైదులూ" అని ఒక్కసారి పిలిచి చూడుండ్రి, పదిమంది తిరిగి చూస్తరు, తొమ్మిదిమంది హిందువులే ఉంటరు. జాన్‌పహాడ్ సైదులు దర్గాకు మొక్కి పుట్టినోళ్లు. వరంగల్ దిక్కు పోతె యాకయ్య, యాకమ్మ, వాళ్లది అన్నారం యాకూబ్ షావలి. అనంతపురంల కుళ్లాయప్ప, గూగూడు కుళ్లాయిస్వామి. నెల్లూరు, గుంటూరుల మస్తాన్‌రావులు, మస్తానమ్మలు. ఇంతమందికి పేరు పెట్టిన దేవుడు "మీరు నా లిస్టుల లేరు" అంటడా? మా నాయిన పేరు సైదులు, మెడల ఆంజనేయస్వామి బిళ్ల. చనిపోయేముందు గొంతు పోయింది, సైగ చేసి దర్గా నుంచి తెచ్చిన ఊదు బూడిద నొసటికి పెట్టమన్నడు. పెట్టినం. పురోహితుడు చూసిండు, ఏమనలే.

నాస్తికుడు_నంబర్‌1:
క్షమించాలి మధ్యలో దూరుతున్నందుకు. పదేళ్ల పిల్లాడు, ఉపవాసం, నిద్ర లేదు, ముందు మంట, ముక్కులో పొగ, చెవుల్లో డప్పు, పక్కన ప్రాణంలా ప్రేమించే తాత. ఆ స్థితిలో ఏ పిల్లాడికైనా ఏదో ఒకటి అనిపిస్తుంది. ముప్పై ఏళ్ల తర్వాత జనం మధ్యలో నిశ్శబ్దంగా ఉన్నచోట అదే జ్ఞాపకం లేచింది. దీనికి దేవుడెందుకు, తాత చాలు కదా?

పాలమూరు_పోరడు:
@నాస్తికుడు అన్నా నీ మాటకు నాకు కోపం రాలే. నిజంగనే తాతే కావొచ్చు. గానీ తాత సచ్చిపోయినప్పుడు నాకు భయమే అయింది, పీరు రాత్రి పోయిన భయం మళ్లొచ్చింది. నిచ్చెన మీద మళ్ల పోయింది. తాత అయితె ఆ దినమెందుకు రాలే మరి?

@అబూ భాయ్, వాలేకుం సలాం. నొచ్చుకోలే. మీరు వాకిలి అన్నరు, బాగ చెప్పిండ్రు. నాకేమనిపిస్తదంటె నేను వాకిట్ల కూడ లేను, గోడవతల వేపచెట్టు కింద కూసున్న, లోపల మాటలు వినపడుతున్నయి, నాకు గదే సాలు అనిపిస్తుంది. అట్ల కూసునుడు తప్పా అని అడుగుతున్న.

ధర్మం_మనది:
మన గుళ్లు లేవా? ముక్కోటి దేవతలుంటే ఇంకా అటు చూపేంటి? ఇలాగే మొదలవుతుంది, రేపు పేరు మారుస్తారు, ఎల్లుండి పిల్లల పేర్లు. అమాయకుల్ని ఇలా

మాడరేటర్:
పై పోస్టులో చివరి 3 వాక్యాలు తీసేశాం. విషయం మీద మాట్లాడండి, మనుషుల మీద వద్దు. అడిగినాయన మారను అని రెండుసార్లు రాశారు, చదవండి.

గోదారి_గట్టు:
ధర్మం గారూ, ఆయ్, ఒక్క మాటండీ. మీరు అయ్యప్ప మాల ఎప్పుడైనా వేశారా? వేసుంటే ఎరుమేలిలో వావర్ మసీదు చుట్టూ తిరిగే ఉంటారు, విభూతి పెట్టించుకునే వచ్చుంటారు. నేను 6 సార్లు వెళ్లానండి, మా గురుస్వామి అక్కడికి వెళ్లకుండా కొండెక్కనివ్వడు. అదేమీ మతం మారడం కాదు కదండీ మరి.

మాది పిఠాపురం దగ్గర. మా ఊరి వైపు ఉమర్ అలీషా గారని పెద్ద కవి ఉండేవారు, 1885లో పుట్టారు, 1945లో పోయారు. ముస్లిం కుటుంబం, తెలుగులో అవధానాలు, నాటకాలు, ఉమర్ ఖయ్యాం పద్యాలు తెలుగు చేశారు, ఢిల్లీలో కేంద్ర శాసనసభకీ ఎన్నికయ్యారు. వారి వంశానిదే అక్కడి ఆధ్యాత్మిక పీఠం, ఆయన ఆరో పీఠాధిపతి. వచ్చే శిష్యుల్లో ఎక్కువమంది హిందువులేనండి, బొట్టు పెట్టుకుని వస్తారు, బొట్టుతోనే వెళ్తారు. మా మావయ్య ముప్పై ఏళ్ల బట్టి వెళ్తున్నాడు, ఇప్పటికీ కార్తీకమాసం ఉపవాసాలు మానలేదు, మా అత్త మాత్రం "రెండు వైపులా ఉపవాసాలే, ఎప్పుడండీ తినేది ఈ మనిషి" అని గొణుక్కుంటుంది.

దూది_పింజె:
ఈ చర్చలో మాలాంటోళ్ల సంగతి కూడా రాయాలనిపించింది. మేం నూర్‌బాషాలం, దూదేకులోళ్లం అంటారు. ప్రకాశం జిల్లా. ఇంట్లో ఉర్దూ రాదు, తెలుగే. మా నానమ్మ పేరు లక్ష్మీబీ. పెళ్లికి తాళి కడతారు, నల్లపూసలు ఉంటాయి, నికా కూడా చదువుతారు. చనిపోతే ఖబరస్తానే.

అన్న గోడవతల కూర్చున్నానన్నాడే, మేం గోడ లోపల పుట్టాం, కానీ లోపలోళ్లు మమ్మల్ని సగం సాయిబులు అంటారు, బయటోళ్లు మీరు సాయిబులే కదా అంటారు. డిగ్రీలో హాస్టల్లో ఒక స్నేహితురాలు నన్ను కూర్చోబెట్టి "మీరు చేసే నమాజ్ చెల్లదు" అని లెక్కపెట్టి చెప్పింది, నమాజ్‌లో చదివే అత్తహియ్యాత్ తప్పు చదువుతున్నానంట. ఆ రాత్రంతా ఏడ్చా. తర్వాత సరిగ్గా నేర్చుకున్నా, అదేం కష్టం కాదు. కానీ తప్పు చదివిన రోజుల్లో, మా నానమ్మ పక్కన పాత దుప్పటి పరుచుకుని నిలబడినప్పుడు ఉన్నంత దగ్గరతనం సరిగ్గా చదవడం వచ్చాక రాలేదు. నేర్చుకోవడం తప్పనట్లేదు అబూ అన్నా. చెల్లుబాటు ఒక లెక్క, దగ్గర ఇంకో లెక్క అంటున్నా. కల్మా ఉన్నా ఆ రెండో లెక్క కుదరకపోవచ్చు, అది మాకు తెలుసు.

మాలపల్లి_మాస్టారు:
మతం కాగితంతో పనిలేదు అని చాలామంది సులువుగా అనేస్తున్నారు గానీ, కొందరికి కాగితమే బతుకు. నేను ఎస్సీని. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా ముందు హిందువులకే, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చారు. ఇస్లాం, క్రైస్తవం తీసుకుంటే పోతుంది. మా వాడలో ఒక పెద్దాయన ఉండేవాడు, రిటైరయ్యే దాకా ఎదురుచూశాడు. ముప్పయ్యేళ్లు మనసులో ఒకటి, సర్వీస్ రిజిస్టర్లో ఒకటి. రిటైరైన నెలకి మసీదుకెళ్లి కల్మా చదివాడు. ఈ ముప్పయ్యేళ్లూ ఆయన ఎవరు? ఆ రోజుల్లో ఆయన చేసుకున్న ప్రార్థన ఎటు పోయింది? గోడవతల కూర్చోవడం అందరికీ ఇష్టంతో వచ్చింది కాదని చెప్పడానికే ఇది రాస్తున్నా. మీకు ఇష్టంతో వచ్చింది, అదృష్టం.

దోహా_రిటర్న్:
మాది జగిత్యాల సైడు. గల్ఫ్ల 14 ఏండ్లు చేసిన, సౌదీ, ఖతర్. రంజాన్ల మసీదు పక్కన టెంట్లేస్తరు, ఎవరన్న పోవచ్చు, నువ్వెవరు అని అడగరు. ఖజూర, లబన్, హరీస్, పెద్ద పెద్ద తాంబాళాలల్ల బిర్యానీ. మొదటి ఏడు తిండికోసమే పోయిన, అబద్ధం ఎందుకు. క్యాంపుల జీతాలు ఆగినయి, ఆకలి. తాంబాళం చుట్టు ఆరుగురం, నాకు తెలిసిన భాష ఒక్కనికి రాదు, పక్కన సూడానీ ముసలాయన ఉండె, కూర ముక్క ఏరి నా దిక్కు జరిపిండు. అజాన్ అయ్యేదాక ఎవ్వడు ముట్టలే, నేను గూడ ముట్టలే, మంచిగున్నది ఆ ఆగుడు. రెండో ఏడు నుంచి రోజా ఉండి పోయిన, ఉండకుండ తినుడు సిగ్గనిపించింది.

సౌదీల ఇఖామా (అక్కడ ఉండనీకి ఇచ్చే కార్డు) మీద మతం రాసి ఉంటది. మక్కా రోడ్ మీద ముస్లిమేతరులు పక్క దారి పట్టాలని బోర్డు ఉంటది. బండి ఆ దారిల మలుపుకున్నప్పుడల్ల నాకు ఎట్లనో అయ్యేది. కోపం కాదు. వాళ్ల ఇల్లు, వాళ్ల నియమం. మా ఊళ్ల కొన్ని గుళ్లల్ల మా తాతను గడప దాటనియ్యలే, అది నాకు యాదికి వచ్చేది.

అబూ_తెలుగు:
రెండు రోజులుగా అందరివీ చదువుతున్నాను, రాద్దామా వద్దా అనుకుంటూ. దూది చెల్లెమ్మా, మీ స్నేహితురాలు చెప్పింది సరైనదే అయినా చెప్పిన తీరు సరైంది కాదు. 49వ సూరాలో ఎడారి తెగలవాళ్లు వచ్చి మేం విశ్వసించాం అంటారు, లేదు, లోబడ్డాం అనండి, విశ్వాసం ఇంకా మీ గుండెల్లోకి దిగలేదు అని జవాబు వస్తుంది. అంటే పేరుండి విశ్వాసం దిగకపోవడం అనే సంగతి మా గ్రంథంలోనే ఉంది. నేను దీన్ని ఎప్పుడూ ఇతరుల మీద ప్రయోగించడానికే వాడాను, అద్దంలా చూసుకోలేదు.

నిజం రాస్తున్నా, పేరు తెలియదు కదా ఇక్కడ. నాకు 43. పన్నెండేళ్ల వయసు నుంచి ఐదు పూటలా నిలబడుతున్నా, ప్రయాణాల్లో తప్ప జమాత్ తప్పలేదు. పోరడు గారు స్క్రూడ్రైవర్ పట్టుకుని నిచ్చెన మీద అనుభవించింది, నాకు ఎన్నిసార్లు దొరికిందా అని రాత్రి లెక్కపెట్టుకున్నా. ఒక చెయ్యి వేళ్లు చాలు. మిగతాదంతా విధి, క్రమశిక్షణ. అది తక్కువదని కాదు, రైతు రోజూ పొలానికి పోతాడు, రోజూ వాన పడదు కదా, కానీ పోవాలి.

ప్రవక్త వారి మాట ఒకటి బుఖారీ, ముస్లిం అనే రెండు హదీసు గ్రంథాల్లోనూ ఉంది. దాసుడు జానెడు దగ్గరికొస్తే నేను మూరెడు దగ్గరికొస్తాను, నడిచి వస్తే పరుగెత్తి వస్తాను అని అల్లాహ్ చెప్పినట్టుగా. ఇంకోటి, దాహంతో ఉన్న కుక్కకి చెప్పుతో బావిలో నీళ్లు తోడి పోసిన వేశ్యను క్షమించిన కథ, అందరికీ తెలిసిందే. నా అభిప్రాయం మారలేదు, షహాదా లేకుండా ముస్లిం కారు, దీపమూ షహాదా ఒకచోట కుదరవు. కానీ ఎవరి వైపు ఆయన పరుగెత్తుతున్నాడో నాకు కనిపించదు. ఆ లెక్క నాది కాదు.

సైదులు_కొడుకు:
అబూ భాయ్, మీ ఒంటరితనం అర్థమైంది. చాయ్ తాగుదాం ఎప్పుడన్న.

కడప_కారం:
లేటుగా వస్తాండా. మా కడప సంగతి రాయకుంటే ఈ ముచ్చట పూర్తి కాదు. ఉగాది నాడు దేవుని కడప లక్ష్మీ వెంకటేశ్వరసామి గుడికి ముస్లింలు టెంకాయలు పట్టుకోని వస్తారు, బీబీ నాంచారి మా ఇంటి ఆడబిడ్డ, సామి మాకు అల్లుడు అని. పెద్ద దర్గా ఉరుసుకి మేమంతా పోతాం. ఇది ఇచ్చిపుచ్చుకోడం.

ఇంకా పాత మాట. పోతులూరి వీరబ్రహ్మంగారి శిష్యుడు సిద్ధయ్య, దూదేకుల కులంలో పుట్టినాయప్ప. ఈ పోరడన్న కథ తిరగేస్తే అదే. ఊర్లో గలాటా చేసినారు, నవాబు దగ్గరికి తీస్కపోయినారు, అప్పుడు జరిగిన మహిమలు జనం కథలు కథలుగా చెప్పుకుంటారు, నమ్మేది నమ్మనిది మీ ఇష్టం. సమాధి ముడుమాలలో ఉంది, మా అవ్వ తీస్కపోయింది చిన్నప్పుడు. అంతా తిరిగొచ్చినాక నేనడిగినా, "అవ్వా ఈయన సాయిబా, కాదా?" అని. అవ్వ చెప్పులేసుకుంటా "ఎండ ఎక్కువైతాంది, నడువు" అనింది.

నాస్తికుడు_నంబర్‌1:
ఇది ఇంతవరకూ వచ్చిన వాటిలో నాకు బాగా నచ్చిన జవాబు :)

నెల్లూరి_రొట్టె:
పోరడన్నా, మీ ఆవిడ ఏమంటా ఉందిప్పుడు? సెహ్రీకి లేచి వండుద్దా లేదా అది జెప్పండి ముందు.

గోదారి_గట్టు:
అవునండోయ్ అసలు పాయింట్ అదే. దేవుడు దగ్గరే, తెల్లారి నాలుగింటికి పొయ్యి దగ్గర ఎవరున్నారు అని.

పాలమూరు_పోరడు:
పనిల ఉండి రాలే, సీజన్ గదా. అందరివి చదివిన. మాస్టారూ, మీ పెద్దాయన ముచ్చట చదివినంక ఆ రాత్రి నిద్ర పట్టలే. నాకు ఎవ్వడు అడ్డం లేడు, నేను కూసున్న చెట్టు నీడ నాకు పుక్యానికొచ్చింది, గిది నేను ఎన్నడు ఆలోచించలే. అబూ భాయ్, మీరు గంత రాస్తరనుకోలే. నా జవాబు మారలే, మీది మారలే, అయినా మంచిగనిపించింది.

నా భార్యకు ఫోన్ల మొత్తం చదివి వినిపించిన. నువ్వు మొక్కేది ఎవరికి అన్న మాట మళ్ల అడగలే. లక్ష్మీబీ పేరు దగ్గర నవ్వింది, మంచి పేరన్నది. సెహ్రీ సంగతంటె, మొదటి ఏడు లేవలే, "అయ్యప్ప మాలేస్తె ఊరంత సామీ సామీ అంటరు, నువ్వు రోజా ఉంటె మా అమ్మోళ్లు నన్ను అడుగుతున్నరు, నేనేం చెప్పాలె" అని కోపానికొచ్చింది. పోయినేడు సంది లేస్తుంది. జొన్నరొట్టె చేసి, గింత పెరుగు పెట్టి, మళ్ల పండుకుంటది. వారంల ఒకసారి రొట్టె నలిచి బెల్లమేసి నెయ్యి పోసి మలీద ముద్ద చేసిపెడ్తది, ఊర్ల పీర్లకు చేసినట్టు. ఆమె ఊర్ల గూడ పీర్లున్నయి లెండి.

తాత సంగతి ఒకటి రాయలే అప్పుడు. పండుగ ఆఖరి నాడు పీర్లను వాగుకు తీసుకపోయి కడిగి, దట్టీలు విప్పి, పెట్టెల పెట్టి తాళమేసి వచ్చెటోళ్లు. దారిల అందరు ఏడ్చెటోళ్లు. తాత ఇంటికొచ్చి కాళ్లు కడుక్కోని, దేవుని అర్రల దీపం ముట్టిచ్చి, గొర్లను తోలుకపోయెటోడు. గా రెండింటి నడుమ నీళ్లు తాగేంత సేపు గూడ ఉండకపోయేది.

దూది_పింజె:
మలీదలో యాలకులు వేస్తారా అన్నా మీ వైపు? మా నానమ్మ సోంపు వేసేది.

పాలమూరు_పోరడు:
యాలకులు ఉంటె ఏస్తరు, లేకుంటె లేదు. సోంపు ఎన్నడు చూడలే, ఏపిచ్చి చూస్త.

ఇంకోటి, ఆ మసీదు నుంచి ఫోనొచ్చింది పొద్దున. అదే ఏసీ, మళ్ల కారుతుందట. శుక్రవారం లోపల కావాలట. జమాత్ టైమ్ చూసుకోని రమ్మన్నడు మసీదు చూసుకునే ముతవల్లి సాబ్, పోయినసారి నిచ్చెన మీద ఇరుక్కున్నది ఆయనకు ఇంక యాదుంది. ఎన్ని గంటలకు పోవాల్నో ఇంక చెప్పలే నేను.